అయిదు శ్రుతి సోమిదేవమ్మ

సోమిదేవమ్మని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు. ముందు తంబురా తెమ్మంటుంది. గోడకి ఆనించి ఉన్న తంబురా మీది గుడ్డ తీయించి, ఒళ్ళో పెట్టుకుని, నాలుగు తీగలూ సరిచూసుకుని, అప్పుడు ఎప్పటిదో ఒక సంగతి ఎత్తుకుంటుంది. అడిగినదానికీ చెప్పేదానికీ సంబంధమేమిటో చచ్చినా విప్పి చెప్పదు. శిష్యులే ఇంటికెళ్ళి, అన్నం తింటూనో బట్టలారేస్తూనో, ‘ఓహో, నన్నే అందన్నమాట’ అని నాలిక కరుచుకోవాలి. సామర్లకోటలో ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళంతా అలా నాలిక కరుచుకున్నవాళ్ళే.

మంగళవారం పొద్దున్న హైమవతి వచ్చి అడిగిన ప్రశ్న ఇది. “అమ్మగారూ, గొంతు పోయిన పాటగాళ్ళు కచేరీలు ఎప్పుడు మానెయ్యాలి?”

అడిగిన మనిషి అక్కడితో ఊరుకుందా? “ఎవరి గురించీ కాదు లెండి, ఊరికే అడిగాను” అని కూడా అంది. ఆ ముక్క అనకుండా ఉంటే బాగుండేది. పదకొండేళ్ళుగా ఆవిడ వెనక కూర్చుని పాడుతున్న శిష్యురాలు, ఆదివారం కచేరీ అయిన రెండో రోజున పనిగట్టుకుని వచ్చి, ఊరికే అడిగే ప్రశ్నా అది?

ఆదివారం ఏం జరిగిందో చెప్పాలి. దానికంటే ముందు శ్రుతి సంగతి చెప్పాలి. తంబురా ఏ ఎత్తున మోగుతుందో పాటగాళ్ళు దానికి ఒక అంకె చెబుతారు. అంకె పెరిగేకొద్దీ పాట పైకి పోతుంది, గొంతుకి కష్టమూ పెరుగుతుంది. సోమిదేవమ్మది అయిదు శ్రుతి. ఆ ఎత్తున పాడుతూ, సరిగమల చివర పైన వచ్చే ‘స’ని, అదే పైషడ్జాన్ని, అందుకుని, ఊపిరి సడలకుండా దాని మీద నిలబడటం ఆవిడ గొప్ప. నలభై అయిదేళ్ళు అలాగే నిలబడింది. ఇంటిపేరు మరిచిపోయి జనం ఆవిణ్ణి ‘అయిదు శ్రుతి సోమిదేవమ్మ’ అన్నారు. ఇప్పుడావిడకి డెబ్భై ఒకటి. అంకె మాత్రం మారలేదు.

ఆదివారం కచేరీ కాకినాడలో. హాలు సగం నిండింది. ఈ రోజుల్లో అదే పదివేలు. ముందు వరసలో అనకాపల్లి నుంచి వచ్చిన ఒక రిటైరైన స్టేషన్ మాస్టరు, పక్కన ఆయన భార్య. ఆరంభానికి ముందు ఆయన హైమవతిని ఆపి మరీ చెప్పాడు. “ముప్ఫై ఆరేళ్ళ కిందట విన్నానమ్మా ఆవిణ్ణి. పైషడ్జం అందుకుని అలా నిలబడిపోయింది, నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళూ మా ఆవిడకి చెబుతూనే ఉన్నాను, ఆ, చెప్పొచ్చారు లెండి అంటుంది. ఇవాళ వినిపిద్దామని లాక్కొచ్చాను.”

ఏం వినిపిస్తాడు పాపం! మొదటి పాటలోనే గొంతు గరగరమంది. రెండో పాటలో మైకు కీచుమంది. ఆ తర్వాత, సరిగ్గా గొంతు కాస్త దారిలో పడుతున్న సమయానికి, సభవాళ్ళు పాట ఆపించి సన్మానం పెట్టారు. ముఖ్య అతిథి లేచి “నాకు సంగీతం తెలియదు” అని మొదలుపెట్టి, ఆ మాటకి ఇరవై నిమిషాల పాటు రుజువులు చూపించాడు. శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, కూర్చోమన్నారు. చల్లారిపోయిన గొంతుతో సోమిదేవమ్మ కల్యాణి రాగం ఎత్తుకుంది. ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పైషడ్జం దగ్గరికి వెళ్ళింది. గొంతు చీలిపోయింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ చీలింది. మూడోసారి నోరు తెరిచింది గాని శబ్దమే రాలేదు. వెనకనుంచి హైమవతి చటుక్కున ఆ స్వరం అందుకుని నిలబెట్టింది. వెనకపాట పాడేవాళ్ళు చెయ్యవలసిన పనే అది. కాని ఆ స్వరం ఎవరిదో హాల్లో ప్రతివాడికీ తెలిసిపోయింది.

జనం లేవడం మొదలుపెట్టారు. బస్సు టైమని ఒకడు, ఫోనొచ్చిందని ఒకడు. స్టేషన్ మాస్టరు మాత్రం చాలాసేపు తలొంచుకుని కూర్చున్నాడు. చివరికి భార్య చెయ్యి పట్టుకుని ఆయనా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, పాడుతున్న మనిషికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పోయినవాళ్ళ ఫొటోకి పెట్టే దణ్ణంలా ఉంది అది. హైమవతికి ఆ సంగతి అమ్మగారు చూశారో లేదో అడిగే ధైర్యం లేకపోయింది.

అసలు గుబులు మరొకటి. వచ్చే నెల పెద్దాపురంలో సోమిదేవమ్మ గురువుగారి వర్ధంతి కచేరీ. ఏటా ఆవిడే పాడుతుంది. గురువుగారి పటం ముందు, ఆయన్ని ఎరిగినవాళ్ళ ముందు ఆదివారంనాటి భాగవతమే జరిగితే ఈ మనిషి మళ్ళీ లేస్తుందా? హైమవతి సోమవారమంతా ఆలోచించి ఫిడేలు వాయించే ఆయనకి ఫోన్ చేసింది. కచేరీల్లో ఇప్పుడు తంబురా బదులు మీట నొక్కితే మోగే శ్రుతి పెట్టె పెడుతున్నారు. ఆ పెట్టె హైమవతి చేతిలోనే ఉంటుంది. అయిదు దగ్గరుండే మరని చడీచప్పుడూ లేకుండా కిందికి తిప్పేస్తే సరి. ఆదివారం గొంతు చీలిన తీరు చూస్తే నాలుగున్నర కూడా చాలదు. నాలుగుకి దించాలి. “ఆవిడకి తెలిసిపోతుందేమో?” అన్నాడు ఫిడేలాయన. “పెద్దావిడ, ఆ హడావిడిలో ఏం పట్టించుకుంటారు లెండి. ఆవిడ మంచికే కదా” అంది హైమవతి. అని, రాత్రి నిద్ర పట్టక, పొద్దున్నే ఈ ప్రశ్న పట్టుకొచ్చింది. ఆవిడే తనంతట తాను ‘మానెయ్యాలమ్మా’ అనేస్తే ఈ దొంగపని చెయ్యక్కర్లేదని ఆశ.

సోమిదేవమ్మ ప్రశ్న విని, “తంబురా తే” అంది.

తెచ్చింది. ఆవిడ తీగలు మీటి, చెవి దగ్గర పెట్టుకుని, తీగలు బిగించే బిరడాలు తిప్పి, అయిదుకి సరిచూసుకుంది. మీటుతూనే చెప్పసాగింది.

అప్పటికి ఆవిడకి ఇరవై ఆరేళ్ళు. గురువుగారు చయనం జోగారావుగారికి అరవై ఎనిమిది దాటాయి. ఆయనది ఒకటిన్నర శ్రుతి. మగవాళ్ళ లెక్కకి అదే ఎత్తు. ఆ ఏడాది గొంతు అడ్డం తిరిగింది. తునిలో ఒక కచేరీ మధ్యలో పాట పడిపోతే, జనం వెటకారంగా చప్పట్లు కొట్టారు. శిష్యురాలు ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాతి కచేరీ పిఠాపురంలో, శ్రీరామనవమి పందిట్లో. గురువుగారు రాకముందే వెనక గదిలో తంబురా సిద్ధం చెయ్యడం ఆవిడ పని. ఆ పూట ఆవిడా, అప్పటి ఫిడేలాయనా, మృదంగమాయనా కూడబలుక్కున్నారు. తంబురా ఒకటిన్నర నుంచి ఒకటికి దించారు. ఫిడేలు దించారు. మృదంగం కుడివైపు రాయితో కొట్టి ఆ మేరకి దించారు. ఎంత, వెంట్రుకవాసి తేడా అనుకున్నారు. పందిట్లో అందరికంటే బాగా పాట తెలిసిన మనిషికి ఒక్కడికే తెలియదనుకున్నారు.

“గొంతు పోయిందని చెవి కూడా పోయిందనుకున్నామే మేం” అంది సోమిదేవమ్మ. “ఎంత బుద్ధి తక్కువో చూడు.”

గురువుగారు వచ్చి, అలవాటు ప్రకారం తంబురాకి దణ్ణం పెట్టుకుని కూర్చున్నారు. తీగ మీటగానే ఆయన వీపు బిగుసుకుంది. వీపే, మొహం కాదు; శిష్యురాలు కూర్చున్నది వెనక కదా. ఒక్కసారి మెడ తిప్పి ఆవిడ వంక చూశారు. ఆవిడ తంబురా వంక చూసింది. ఆయన ఇటు తిరిగి పాట మొదలుపెట్టారు.

ఆ కచేరీ గురించి పిఠాపురంలో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. పై స్వరాలన్నీ అందాయి, ఒక్కటీ చెదరలేదు. మేష్టారికి పాతికేళ్ళు తగ్గాయని పందిరంతా ఊగిపోయింది. దండలు వేశారు. వెనకనున్న ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని మురిసిపోయారు. మర్నాడు బస్సులో గురువుగారు కిటికీ పక్కన కూర్చుని ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. అలిసిపోయారనుకుంది శిష్యురాలు.

ఇంటికి రాగానే, కాళ్ళయినా కడుక్కోకుండా, “సోమీ, తంబురా ఒకటిన్నరకి పెట్టు” అన్నారు. పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. చాలాసేపు విన్నారు.

“ఇది ఒకటిన్నరేనా?” అన్నారు.

“అవును మేష్టారూ.”

“నిజంగానేనా అమ్మా?”

చెబుతున్న సోమిదేవమ్మ చెయ్యి తీగల మీద ఒక్క క్షణం ఆగింది. ఊరు ఊరంతా శ్రుతి సరిచేయించుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చేది. దూరంగా రైలు కూత పెడితే అది ఏ స్వరమో చెప్పే మనిషి. అటువంటి మనిషి, నిన్న కాక మొన్న నేర్చుకున్న పిల్లని ‘నిజంగానేనా’ అని అడిగాడు. ఆవిడకి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. కాళ్ళ మీద పడింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“నిన్న పాట బాగానే వచ్చిందే” అన్నారు. “కాని వెనక మోగేదాన్ని నమ్మకపోతే ఇక ఎలా పాడను?”

ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. కచేరీ మాట అటుంచి, స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీయలేదు. రోజూ పొద్దున్న శిష్యురాలు వెళ్ళి తంబురా సరిచేసి పెట్టేది. రోజూ ఆయన అదే ప్రశ్న అడిగేవారు, ఇది ఒకటిన్నరేనా అని. ఆవిడ అవుననేది. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఆరేళ్ళు.

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను అడిగిన ప్రశ్న ఎటో పోయింది. “ముందే చెప్పి ఉంటే? దించుదామని చెబితే ఒప్పుకునేవారా అమ్మగారూ?”

“ఏమో” అంది సోమిదేవమ్మ. “అడగలేదుగా.”

బయట రోడ్డు మీద ఆటో ఏదో ఆగి హారను కొట్టి వెళ్ళిపోయింది. సోమిదేవమ్మ తంబురాని ఒళ్ళోంచి తీసి హైమవతి చేతిలో పెట్టింది.

“ఆదివారం ఆ ముందు వరసాయన దణ్ణం పెట్టి వెళ్ళాడు, చూశావా?”

హైమవతి తలూపింది. చూశారన్నమాట. రెండు రోజులుగా ఆ దణ్ణాన్ని తనలాగే ఈవిడా ఒంటరిగా మోస్తూ కూర్చుందన్నమాట.

“సరే, పెద్దాపురంలో నాకు ఏ శ్రుతి పెడతావు? తంబురా వంక కాదు. నా మొహం చూసి చెప్పు.”

హైమవతి చూసింది. అయిదు అనెయ్యొచ్చు, అంటే ఈ పూటకి ఆవిడ మనసు నిలబడుతుంది, పెద్దాపురంలో పాట పడిపోతుంది. నాలుగున్నర అనెయ్యొచ్చు, అది సగం నిజం, సగం మొహమాటం, ఇద్దరికీ పెద్దగా నొప్పి ఉండదు. మొన్నటిదాకా అయితే రెంటిలో ఒకటి అనేసేదే. ఎదురుగా ఉన్న కళ్ళు రెప్ప వెయ్యకుండా తన నోటి వంకే చూస్తున్నాయి. పదకొండేళ్ళలో ఆవిడ తనని ఏదీ అడిగి ఎరగదు. కళ్ళనీళ్ళు చెంపల మీదికి జారుతుంటే, ఎలాగో కూడదీసుకుని చెప్పింది.

“నాలుగు, అమ్మగారూ.”

సోమిదేవమ్మ గోడ మీది జోగారావుగారి పటం వైపు ఒకసారి చూసి, శాలువాలన్నీ మడిచి పెట్టిన బీరువా వైపు చూసి, చివరికి తన చేతుల వంక చూసుకుంది.

“నేను నాలుగున్నర అనుకున్నానే” అంది. “సరే. బిరడా తిప్పు.”