ఎడమ బూటు డ్యూటీ

గెడ్డవలసలో పైడయ్య, అతని తమ్ముడు ఎర్రన్న, వాళ్ళమ్మ సన్యాసమ్మ ఉండేవారు. ఊళ్ళో తెలివి పంచిన రోజున తమ ఇంటికే రెండు పాళ్ళు ఎక్కువ పడిందని ఆ ముగ్గురి నమ్మకం. ఊరివాళ్ళ నమ్మకం వేరు, కానీ వాళ్ళనెవరు అడిగారు? వానొస్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని చంకలో దాచుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చే మనుషులు మరి.

అలాంటి పైడయ్యకి జనపనార మిల్లులో గేటు కాపలా ఉద్యోగం వచ్చింది. చేతిలో ఒక ఆర్డరు కాగితం, ఒక జత నల్ల తోలు బూట్లు పెట్టారు. ఈ బూట్లు ఏడాది మన్నాలి, ఈలోగా చిరిగాయంటే ఉద్యోగం పోయినట్టే అని సూపర్‌వైజరు గట్టిగా చెప్పాడు. ఆ ఇంట్లో నెల జీతం అన్నమాట వినడమే మొదటిసారి. ఇంకేముంది, ముగ్గురి ప్రాణాలూ ఆ బూట్ల మీదే ఉన్నాయి.

తెలివైనవాళ్ళు కదా, సొంత బుర్ర వాడకుండా చెప్పులు కుట్టే గురయ్యని అడిగారు. గురయ్య ఓపిగ్గా చెప్పాడు. విప్పగానే లోపల కాగితం కుక్కితే ఆకారం చెడదు. ఎండ తగలకూడదు, గాలాడే నీడలో పెట్టాలి. అప్పుడప్పుడూ నూనె పట్టించాలి. ఒక రోజు తొడిగితే మర్నాడు విశ్రాంతినివ్వాలి. ఒక్కటీ తప్పు మాట కాదు. ఎవరికి చెబుతున్నాడో చూసుకోకపోవడమే ఆయన చేసిన పొరపాటు.

ఇంటికొచ్చి కాగితం వెతికారు. చదువుకున్నవాళ్ళు లేని ఇంట్లో కాగితం ఎక్కడిది? ఉన్నది ఒకటే, ఉద్యోగం ఆర్డరు. ఒక బూటులో పెడితే రెండోది చిన్నబుచ్చుకుంటుందని ఎర్రన్న బెంగపెట్టుకున్నాడు. అంతే, ఆర్డరుని సరిగ్గా మధ్యకి చింపి చెరో ముక్కా కుక్కారు.

తర్వాత నీడ. పెరట్లో పనస చెట్టు కింద బూట్లు పెట్టుకుని సన్యాసమ్మ కాపలా కూర్చుంది. కాసేపటికి నీడ జరిగింది, ఆవిడ బూట్లు జరిపింది. మళ్ళీ జరిగింది, మళ్ళీ జరిపింది. సాయంత్రానికి నీడ పెరడు దాటి వెనకున్న వాగులో పడింది. ఇంకేముంది, ఆవిడ మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, బూట్లు రెండు చేతులా పైకెత్తి పొద్దుగూకేదాకా నిలబడింది. చూసినవాళ్ళు ఇదేం పనని అడిగారు.

"నీడ నడిసెలిపోతే బూట్లు ఎండలో ఉండిపోవా మరి?" అంది సన్యాసమ్మ.

ఇక విశ్రాంతి సంగతి. డ్యూటీ చూస్తే రోజూ ఉంది. బూట్లేమో రోజు విడిచి రోజు తొడగాలి. ముగ్గురూ తల పట్టుకుని కూర్చున్నారు. ఆఖరికి ఎర్రన్నకే తట్టింది. బూట్లు రెండున్నాయి కదా, సోమవారం ఎడమది, మంగళవారం కుడిది. ఈ మాటకి తల్లి కొడుకు బుగ్గలు పుణికి దిష్టి తీసింది.

అంతే, పైడయ్య ఒక కాలికి బూటుతో, ఒక కాలు బోసిగా గేటు దగ్గర కుంటుకుంటూ తిరిగాడు. ఎండ మాడ్చేస్తుంటే ఒంటికాలి మీద గెంతాడు. లారీవాళ్ళు నవ్వితే కుళ్ళుకుంటున్నారనుకున్నాడు. ఇంటి దగ్గరున్న రెండో బూటుకి సన్యాసమ్మ తలకి రాసే నూనెంతా పట్టించేది.

మూడు నెలలకి మేనేజరు బూట్ల తనిఖీకి వచ్చాడు. రెండు బూట్లూ, ఆర్డరు కాగితమూ చూపించకపోతే ఇంటికి పొమ్మంటారని సూపర్‌వైజరు ముందే హెచ్చరించాడు. ఆరోజు వంతు ఎడమ బూటుది. కుడి బూటు నిద్ర చెడకుండా ఎర్రన్న దాన్ని తువ్వాలులో చుట్టి ఎత్తుకొచ్చాడు.

మిగతా కాపలావాళ్ళ బూట్లు అప్పటికే నోళ్ళు తెరిచాయి. పైడయ్యవి మాత్రం తళతళలాడుతున్నాయి. ఆర్డరేదని అడిగితే కాలిది విప్పి, చెరో బూటులోంచి చెరో ముక్కా తీశాడు. మేనేజరు పడీ పడీ నవ్వి, అతని భుజం తట్టాడు.

"నీ ఉద్యోగానికి ఢోకా లేదు. బూట్లని ఎలా చూసుకున్నావో, మన గేటుని కూడా అలాగే చూసుకో."

పైడయ్యకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

మర్నాడు సాయంత్రం మేనేజరు కారు మిల్లుకొచ్చింది. గేటుకి ఒక రెక్కే ఉంది. రెండో వైపు నుంచి మేకలు తీరిగ్గా లోపలికి పోతున్నాయి. పైడయ్య సెల్యూట్ కొట్టాడు.

"ఎడమ రెక్క డ్యూటీలో ఉంది బాబూ. కుడిదానికి ఈయేల విశ్రాంతి."

మేనేజరు పైడయ్యని కారెక్కించుకుని గెడ్డవలస వెళ్ళాడు. అక్కడ సన్యాసమ్మా, ఎర్రన్నా మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, నూనె కారుతున్న గేటు రెక్కని నెత్తిన మోస్తున్నారు. పనస నీడ సరిగ్గా దాని మీదే ఉంది.

మేనేజరు జేబులోంచి కాగితం తీసి, గబగబా రాసి పైడయ్య చేతిలో పెట్టాడు. రేపట్నించి డ్యూటీకి రావద్దని చెప్పి కారెక్కాడు.

పైడయ్య కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. పాత కాగితం నలిగిపోయిన సంగతి అంత పెద్దాయనకెలా తెలిసిందా అని సన్యాసమ్మ ముచ్చటపడింది. అంతే, దాన్ని సరిగ్గా మధ్యకి చింపి చెరో బూటులో చెరో ముక్కా కుక్కారు. రేపట్నించి రెండు బూట్లకీ రోజూ విశ్రాంతే, ఇంక ఏడాదేంటి, పదేళ్ళయినా చిరగవు. బూట్లు చిరిగితేనే కదా ఉద్యోగం పోయేది. పైడయ్య ఉద్యోగం పదేళ్ళకి ఖాయమైపోయిందని ఆ సాయంత్రం ముగ్గురూ ఊరంతా తిరిగి బెల్లం పంచారు.