దాలమ్మ ఊడ్చిన కొట్టం

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. రంపానికి పళ్ళు మొలిచిన కొత్తలో అనుకోండి. ఏటికి అవతల ఒక ఊళ్ళో మల్లాచారి అనే వడ్రంగి ఉండేవాడు. ఇంటిని ఆనుకునే పని కొట్టం. అమ్మవారి ఊరేగింపుకి కొయ్యగుర్రాలు చెక్కేవాడు.

వాళ్ళ ఇంట్లో ఒక కట్టుబాటు. గుర్రానికి కళ్ళు దిద్దేదాకా కొట్టం పెరటి తలుపు తియ్యకూడదు. తీస్తే దిష్టి. కిటికీలకి గోనెలు, చూరు సందుల్లో గుడ్డలు. ఒక్కో గుర్రానికి మూడు నెలలు. మూడు నెలల రంపపు పొట్టు ఎక్కడికి పోతుంది? మనుషుల్లోకి పోతుంది.

ఆ పొట్టు ఊడ్చే మనిషి దాలమ్మ. పూటకింత గంజి ఆమె కూలి.

మొదటి గుర్రం చెక్కేటప్పుడు మల్లాచారి తమ్ముడు దగ్గాడు.

"బాబూ, తలుపు తియ్యండి. ధూళి గుండెలో కూకుంటంది," అంది దాలమ్మ మల్లాచారితో.

"దిష్టి తగుల్తుందే. ఊడువు."

గుర్రానికి కళ్ళొచ్చాయి. తమ్ముడు కళ్ళు మూశాడు.

రెండో గుర్రానికి మల్లాచారి పెళ్ళాం దగ్గింది.

"బాబూ, తలుపు తియ్యండి."

"దిష్టి తగుల్తుందే. ఊడువు."

గుర్రానికి కళ్ళొచ్చాయి. పెళ్ళాం కళ్ళు మూసింది.

మూడో గుర్రాన్ని గరుకాకుతో రుద్ది నునుపు చెయ్యడానికి కూతురు రత్నాలు కూర్చుంది. నెల తిరక్కుండానే దగ్గు.

ఈసారి దాలమ్మ బతిమాలలేదు. "దిష్టి బయట లేదు బాబూ. మీ ముక్కుల్లో ఉంది, వేలెట్టి చూసుకోండి!"

"నోరు చూడు నోరు! గుర్రం పాడైతే ఊరు నన్ను బతకనిస్తుందా?"

"ఊరి సంగతి సరే. పిల్ల బతుకుద్దా?"

మల్లాచారి ఉలి అందుకున్నాడు.

మర్నాడు దాలమ్మ రాలేదు. ఇన్నేళ్ళ పొట్టు మింగిన గుండె ఆగిపోయింది. పాతిపెట్టి వచ్చారు. తలుపు మాత్రం తియ్యలేదు.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం తండ్రీ కూతురూ వంటింట్లో అన్నం తింటుంటే, కొట్టంలో చప్పుడు. సర్... సర్... సర్.

వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. నేల శుభ్రంగా ఉంది. పొట్టంతా నడిమధ్య పోగుపడింది. పడుకున్న ఆడమనిషంత పోగు. మల్లాచారి పారతో చెదరగొట్టాడు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం. సర్... సర్... సర్. పోగు కూర్చునుంది. మళ్ళీ చెదరగొట్టాడు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. సర్... సర్... సర్. పోగు పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది. మనిషెత్తు. రొమ్ము పైకీ కిందికీ కదులుతోంది. రత్నాలు దగ్గింది. అదీ దగ్గింది.

మల్లాచారి చేతిలోంచి పార జారిపోయింది. రత్నాలు ముందుకి నడిచింది.

"ఉండు దాలమ్మత్తా, తీస్తున్నా."

"తియ్యకే! గుర్రం!"

"గుర్రం కొయ్యది నాన్నా. నేను కాదు."

గడియ లాగింది. గోనెలు పీకేసింది. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపుకి పోయింది. పోగు గడప దాటింది. పెరట్లో పది అడుగులు నడిచింది. అక్కడ రాలిపోయింది.

రత్నాలు బతికింది. గుర్రానికి ఏమీ కాలేదు. అమ్మవారు ఎక్కింది, ఊరేగింది.

ఆ వైపు వడ్రంగి ఇళ్ళల్లో ఇప్పటికీ కొట్టానికి ఎదురెదురుగా రెండు తలుపులు పెడతారు. నేల మీద నీళ్ళు చల్లి, ముక్కుకి తడిగుడ్డ కడతారు. ఆ తర్వాత ఎంత పెద్ద వడ్రంగైనా సరే, ఊడ్చే ఆవిడ వైపు తిరిగి అడగాలి: "అమ్మా, గాలి ఆడుతోందా?"

ఆవిడ ఊఁ అనేదాకా రంపం ముట్టుకోరు.