వెనక్కి తిరిగి కూర్చున్న గురువు

హారన్ మోగితే చాలు, ఓదెలు కాలు దానంతటదే పెడల్ తొక్కేసేది. లైటు ఎర్రగా ఉందా, పచ్చగా ఉందా, ముందు మనిషి ఉన్నాడా, గొడ్డు ఉందా, అవేవీ చూసేది కాదు ఆ కాలు.

సైకిల్ మీద చాయ్ అమ్ముకునే మనిషికి ఇదేం రోగం అంటారా? రోగమే మరి. ఇంటి నుంచి పెద్దాసుపత్రి గేటుకు చేరాలంటే ముందు ఒక సిగ్నల్ దాటాలి. తర్వాత, మధ్యలో గుండ్రటి దిమ్మె ఉన్న సర్కిల్ చుట్టి రావాలి. హ్యాండిల్‌కు అటొక ఫ్లాస్కు, ఇటొక ఫ్లాస్కు, మధ్యలో ప్రాణాలు అరచేతిలో. పన్నెండేళ్ళుగా అదే దారి. లైటు దగ్గర ఆగిన ప్రతిసారీ వీపంతా చెవులై వెనక్కే వినేవాడు. వెనక ఏ బండి మోగినా అది తనను తిడుతున్నట్టే, తన మీదికే వస్తున్నట్టే ఉండేది. పోనుపోను ఆ భయం అలవాటైపోయిందని అనుకున్నాడు పాపం.

తొమ్మిది రోజుల కిందట ఆ అలవాటే కొంప ముంచింది. ఎర్రలైటు పడి ఉంది, ఓదెలు ఆగే ఉన్నాడు. వెనక కారాయన గట్టిగా హారన్ కొట్టాడు. ఓదెలు కాలు తొక్కేసింది. సరిగ్గా అప్పుడే ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని మదనవ్వ రోడ్డు దాటుతోంది. హ్యాండిల్ తగిలి ముసలామె పడిపోయింది, మణికట్టు విరిగింది. పాలకూర కట్టలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. పచ్చలైటు పడగానే ఆ కారు పక్కనుంచి తప్పుకుని తన దారిన తాను పోయింది.

ఆ రోజు నుంచీ ఓదెలు సైకిల్ గోడకు ఆనించే ఉంది. కళ్ళు మూస్తే హారన్, తెరిస్తే హారన్. పదో రోజు పొద్దున అతని భార్య చాయ్ కాచి, రెండు ఫ్లాస్కులూ నింపి హ్యాండిల్‌కు తగిలించింది. "ఇయ్యాల నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?" అని అడిగింది. ఓదెలు సైకిల్ తీశాడు. కానీ ఎక్కలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ, దాన్ని నడిపించుకుంటూ తిన్నగా ముత్తిలింగం గురువు ఇంటికి పోయాడు.

ముత్తిలింగం గురువంటే గడ్డమూ కాషాయమూ ఊహించుకోకండి. ఆయన జాకెట్లు కుట్టే మనిషి. మెడలో రుద్రాక్షల చోట కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది. పున్నమి పున్నమికి ఆయన అరుగు మీద పదిమంది చేరి తత్త్వాలు పాడుకుంటారు. ఓదెలు ఆయన దగ్గర ఉపదేశం తీసుకుని ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో గురువు గట్టిగా నాలుగు మాటలు చెప్పి ఉంటే ఎక్కువ.

"అయ్యా, నాకొక తాయెత్తు కట్టుండ్రి. లేకుంటే ఏదన్న మంత్రమన్న చెప్పుండ్రి" అన్నాడు ఓదెలు గడపలో నిలబడి.

"దేనికి బిడ్డా?"

"హారన్‌కు."

గురువు మిషను ఆపాడు. కళ్ళద్దాల మీదినుంచి ఓసారి చూశాడు. "గాలికి, ధూళికి కడుతరని ఇన్న. హారన్‌కు కట్టుడు నాకు తెల్వదు."

ఓదెలుకు నవ్వు రాలేదు. జరిగినదంతా గబగబా చెప్పేశాడు. "నా తప్పేమున్నదయ్యా? నేను ఆగే ఉన్న. ఎనకోడు కొట్టిండు. ఆడు కొట్టంగనే నా కాలు నా మాట ఇంటలేదు." బయట నిలబెట్టిన సైకిల్ వైపు చెయ్యి చూపించాడు. "మొన్న ముసలవ్వ చెయ్యి ఇరిగింది. రేపు ఎవల పానం పోతదో! ఎవల్నన్న సంపకముందే ఈ సైకిల్ అమ్మి పారేస్త. మాకు తిండి ఎట్లనో ఆ దేవునికే తెల్వాలె."

గురువు దారం కొరికి తెంపాడు. మిషను మీద గుడ్డ కప్పాడు. "నడువు. నాకూ ఆ దిక్కే పనున్నది" అని వచ్చి సైకిల్ క్యారియర్ ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడమైతే ఎక్కాడు కానీ, ముఖం వెనక్కి పెట్టి కూర్చున్నాడు.

"అట్ల గాదయ్యా, ఇటు దిక్కు తిరుగుండ్రి."

"నువ్వు ముందటికి చూస్తున్నవు గదా. ఇద్దరం ఒక్క దిక్కే చూసుడెందుకు?"

ఇక చేసేదేముంది? ఓదెలు వణుకుతూనే సీటెక్కాడు. గురువు వీపు వచ్చి అతని వీపుకు ఆనింది. డెబ్బై ఏళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా కాళ్ళు వేలాడేసుకుని వెనక్కి చూస్తూ పోతుంటే బజారంతా నవ్వింది. సోడా బండి దగ్గరున్నవాడొకడు ఈల కూడా వేశాడు. గురువు అతనికి దండం పెట్టాడు. ఓదెలుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సిగ్నల్ వచ్చింది. ఎర్రలైటు. పక్కనే అంకెలు యాభై నుంచి దిగుతున్నాయి. ఓదెలు ఒక కాలు నేల మీద ఆనించాడు. రెండో కాలు పెడల్ మీద ఉంది. దాన్ని చూస్తుంటేనే అతనికి గుండె దడదడలాడింది.

వెనక హారన్ మోగింది. చెవిలో మేకు దిగినట్టయింది. సైకిల్ జానెడు ముందుకు జరిగి తెల్లగీత తొక్కింది.

"అయ్యా! ఎవడయ్యా ఆడు?"

"తెల్లకారు. బట్టతల ఆయన" అన్నాడు గురువు నింపాదిగా.

"బాగ కోపం మీదున్నడా?"

"లేదు. బుగులుపడుతుండు."

"బుగులా? కార్ల కూసున్నోనికి భయమేందయ్యా?"

"మాటిమాటికి అద్దంల చూసుకుంటుండు. ఎనుక లారీ ఉన్నది గదా."

అంతలో లారీ కూడా భోంయ్ మంది. ఓదెలు ఒళ్ళంతా ఉలిక్కిపడింది. "మరి ఆ లారీ ఆయన?"

"ఆయనా అద్దంలనే చూస్తుండు. ఆయన ఎనుక బస్సున్నది."

"బస్సు ఎనుక?"

"అంత దూరం నాకు కండ్లు ఆనయి బిడ్డా."

పన్నెండేళ్ళుగా ఓదెలు తన వెనక ఏదో ఒక పెద్ద నోరు తెరుచుకుని తరుముతోందని అనుకున్నాడు. అక్కడ చూస్తే అద్దంలో దిక్కులు చూసుకునే బట్టతల మనిషి ఉన్నాడు! అయినా భయం పోలేదు. మళ్ళీ హారన్ మోగింది. పెడల్ మీది కాలు మళ్ళీ బిగుసుకుంది.

"పచ్చలైటు పడ్డదా?" అన్నాడు గురువు.

"లే... లేదు."

"నాకు కనవడది గదా. చూసి చెప్పు. ఎంతున్నది?"

"ఇరవై రెండు."

"ఎవలన్న దాటుతున్నరా?"

"ఒకామె. చంకల పిల్ల ఉన్నది."

"దాటిందా?"

"నడుమకొచ్చింది. పిల్ల చెప్పు పడ్డది. తీసుకుంటుంది. ఆ, తీసుకున్నది. దాటింది."

ఈ చెప్పడంలో పడి, మధ్యలో మోగిన రెండు హారన్లూ ఓదెలు చెవిన పడ్డాయే కానీ కాలిదాకా దిగలేదు. పచ్చలైటు పడింది. ఓదెలు తొక్కాడు. బట్టతల ఆయన పక్కనుంచి వెళ్తూ, వెనక్కి కూర్చున్న గురువును వింతగా చూశాడు.

సర్కిల్ ఇంకా పదిబారల దూరం ఉందనగా గురువు "ఆపు" అన్నాడు. క్యారియర్ మీంచి దిగి, పంచె దులుపుకున్నాడు.

ఓదెలుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ముందు సర్కిల్ గిరగిరా తిరుగుతోంది. ఆటోలు, బస్సులు, మోటారు సైకిళ్ళు, ఎవడూ ఎవడికీ దారివ్వడం లేదు. ఇక్కడ లైటూ లేదు, అంకెలూ లేవు. "అసలుది ఇదే గదయ్యా! మీకు ఈ దిక్కు పనున్నదంటిరి?"

"ఇక్కడిదాకనే."

"మరి ఎనుక చూసేటోళ్ళెవరు?"

"ఎనుక ఉన్నోళ్ళంత ముందటికే చూస్తరు బిడ్డా. ఆళ్ళ ముందట ఉన్నది నువ్వే."

"చూడకపోతే?" ఓదెలు దాదాపు ఏడుస్తున్నాడు. "ఆళ్ళు నన్ను చూడకపోతే ఎట్లయ్యా?"

పక్కకు ఒరిగిన ఫ్లాస్కును గురువు సరిచేశాడు. తర్వాత ఓదెలు ముఖంలోకి చూస్తూ మెల్లగా అడిగాడు.

"మొన్న నువ్వు మదనవ్వను చూసినవా?"

అంతే. తిరిగి, వచ్చిన దారినే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఓదెలు అక్కడే నిలబడిపోయాడు. తొమ్మిది రాత్రులూ హారన్ వినిపించింది, కారు కనిపించింది. కింద పడకముందు ఆ ముసలామె ముఖం ఎలా ఉందో గుర్తుకు తెచ్చుకోబోయాడు. రాలేదు. చూసి ఉంటే కదా రావడానికి! తర్వాత, ఏమనుకున్నాడో ఏమో, సైకిలెక్కి మెల్లగా సర్కిల్ మొగదాకా పోయాడు.

అప్పుడే ఆసుపత్రి వైపు నుంచి ఒక పెద్దాయన రోడ్డు దాటుతున్నాడు. ఒక కాలికి పిండికట్టు, చంకలో కర్ర. ఓదెలు అతని ముఖంలోకి చూశాడు. ఆయన కళ్ళనిండా బుగులే. అది బస్సును చూసి కాదు, లారీని చూసి కాదు. ఓదెలు సైకిల్‌ను చూసి. ఎక్కడ మీదికి వచ్చేస్తాడోనని ఆయన చెయ్యి ఎత్తి "ఆగు" అన్నట్టు పట్టాడు.

ఓదెలు పెడల్ మీది కాలు కూడా తీసి నేల మీద పెట్టాడు.

"నువ్వు దాటు పెద్దయ్యా" అన్నాడు. "నేను చూస్తున్న."

వెనక ఒక ఆటో మోగింది. దాని వెనక కారు మోగింది. కారు వెనక ఇంకేదో పెద్ద బండి, చెవులు చిల్లులు పడేలా మోగింది. ఓదెలు చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది.

పెద్దాయన ఒక్కో అడుగూ వేసుకుంటూ అవతలి గట్టు ఎక్కేదాకా, ఓదెలు కాళ్ళు మాత్రం నేల మీంచి లేవలేదు.