తాడు పట్టని కొర్లమ్మ

“కొర్లమ్మా! ఓ కొర్లమ్మా! నువ్వొక్కదానివే మిగిలావు, వచ్చి తాడు పట్టవే!”

అలా కేకేసింది ఎవరనుకున్నావు, బంగారూ? ఊరి పెద్ద దానయ్య. ఏ ఊరంటావా? అనగనగా సముద్రాన్ని ఆనుకుని ఒక ఊరుండేది. అలలు గడపదాకా వచ్చి పలకరించి పోయే ఊరు. ఆ ఊరే.

ఆ ఊళ్ళో అందరూ కలిసి ఒడ్డుకి లాగే పెద్ద వల ఉండేది. ఏదైనా తేల్చుకోవాలంటే ఆ వల తాడుని ఇసుక మీద పరిచేవాళ్ళు. సరే అన్నవాళ్ళు తాడు పట్టుకోవాలి. కాదన్నవాళ్ళు కింద కూర్చోవాలి. ఎటు ఎక్కువమంది ఉంటే అదే ఊరి మాట.

ఆ రోజు తేల్చాల్సిందేంటంటే, ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బని తవ్వి చదును చెయ్యాలా వద్దా అని. చేపలు ఎండబెట్టుకోడానికి చోటు చాలట్లేదని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. కానీ ఊరంతా తాడు పట్టేసింది. కొర్లమ్మ మొగుడు ఎర్రయ్య కూడా పట్టాడు. కొర్లమ్మ ఒక్కతే కూర్చుంది.

ముందు దానయ్య గదమాయించాడు. ఆ తర్వాత ఆడపడుచు నూకాలు బతిమాలింది. ఆ తర్వాత ఎర్రయ్య కళ్ళతోనే రమ్మన్నాడు. ఊహూఁ, కొర్లమ్మ కదల్లేదు.

“ఆ దిబ్బలో తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. పొద్దున గంప దించి, ఇసుకకి చెవి ఆనించి విన్నాను. లోపల ఏదో గీరుతోంది” అంది.

“ఆ గుడ్లు ఎప్పుడో నక్కలు తినేసుంటాయి. గీరేది నీ కడుపులో ఆకలేనే!” అన్నారెవరో. అందరూ పకపకా నవ్వారు. ఎర్రయ్య కూడా నవ్వాడు, కానీ తల దించుకుని.

అయితే ఆ ఊళ్ళో ఇంకో కట్టుబాటు ఉందమ్మా. ఒక్క మనిషి తాడు పట్టకపోయినా సరే, మూడు తెల్లవారుజాములు ఊరంతా వచ్చి ఆ మనిషి పక్కన కూర్చోవాలి. ఆ తర్వాతే పనిలోకి దిగాలి.

మొదటి తెల్లవారుజామున అందరూ దిబ్బ మీదికి వచ్చి కూర్చున్నారు. గాలి వీచింది. అంతే. “ఏటే, నీ తాబేళ్ళింకా నిద్ర లేవలేదా?” అని వెక్కిరించి పోయారు.

రెండో తెల్లవారుజామున పీతలు అటూ ఇటూ పరిగెత్తాయి. అంతే. కానీ ఈసారి ఎవరూ వెక్కిరించలేదు. పుట్టినప్పటినుంచీ వింటున్న అలల చప్పుడే, ఆ రోజు ఎందుకో కొత్తగా వినిపించింది వాళ్ళకి. ఊరికే వింటూ కూర్చున్నారు.

మూడో తెల్లవారుజామున చుక్క పొడిచింది, ఆ తర్వాత ఆకాశం ఎర్రబడింది, ఇసుక మాత్రం కదల్లేదు.

“గడువు అయిపోయింది” అన్నాడు దానయ్య. కొర్లమ్మ తప్ప అందరూ ఇసుక దులుపుకుని లేచారు. పార తెచ్చి ఎర్రయ్య చేతికిచ్చాడు. “అడ్డుపడింది నీ పెళ్ళాం గనక, మొదటి పార నీదే.”

ఎర్రయ్య పార ఎత్తాడు. కొర్లమ్మ అతన్నే చూస్తోంది. తిట్టలేదు, ఏడవలేదు, చూపు తిప్పలేదు. పార గాల్లోనే ఆగిపోయింది. అప్పుడు ఎర్రయ్య దాన్ని పక్కన పెట్టి, వెళ్ళి కొర్లమ్మ పక్కన కూర్చున్నాడు.

“ఆ పొద్దున నీ వెనకాలే నేనూ ఇసుకకి చెవి ఆనించానే. నాకూ వినబడింది. నలుగురూ నవ్వుతారని దాచాను.”

కొర్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇప్పుడైనా నోరు పెగిలింది కదా మావా” అంది.

అప్పుడు నూకాలు చతికిలబడింది. “అన్న పట్టాడని నేనూ పట్టాను వదినా.” ఆ వెనకున్న ముసలాయన, “ఓసి నీ ఇల్లు బంగారంగానూ, నువ్వు పట్టావనే కదే నేను పట్టింది!” అంటూ కూలబడ్డాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ, ఒక్కొక్కరూ. చివరికి ఊరంతా కూర్చుంది. దానయ్య ఒక్కడే నిలబడ్డాడు.

అప్పుడూ... కదిలింది, బంగారూ! దిబ్బంతా కుతకుత ఉడికే అన్నంలా కదిలింది. ఇసుకలోంచి ఒక బుల్లి తల, ఆ తర్వాత తెడ్డులాంటి ఒక బుల్లి కాలు, ఆ తర్వాత అరచేతిలో ఇమిడే తాబేలుపిల్ల. దాని వెనక ఇంకోటి. దాని వెనక లెక్కలేనన్ని! కళ్ళు తెరిచీ తెరవకుండానే, దారి ఎవరూ చెప్పకుండానే, సముద్రం కేసి పాకుతున్నాయి. ఊరంతా ఊపిరి బిగబట్టి కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. చంటిపిల్లలు కూడా ఏడుపు మర్చిపోయారు. అల వచ్చి ఒక్కోదాన్నీ అమ్మ ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయింది.

ఒక పిల్ల దానయ్య పాదం మీదుగా పాకింది. అంత గొంతున్న మనిషీ బొమ్మలా నిలబడిపోయాడు. అది నీళ్ళల్లో కలిసేదాకా చూసి, మెల్లగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అప్పుడు ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అన్నాడు.

“నాకూ ఇష్టం లేదర్రా. మీకందరికీ కావాలేమో అనుకున్నాను.”

తాబేళ్ళన్నీ నీళ్ళల్లోకి, కథేమో కంచిలోకి, మనమేమో దుప్పట్లోకి.