లోతమ్మ మడుగు, నీటికుక్కల వాటా

తెప్పలవలస దాటి, మద్దిచెట్ల మధ్య కొండదారి ఎక్కి అవతలికి దిగిన భక్తులకు మొదట కనిపించేది గుడి కాదు, నీళ్లు. చుట్టూ కొండలు పళ్లెం అంచులా నిలబడి ఉంటాయి. నడుమ లోతమ్మ మడుగు. ఒడ్డున నీరు లేతాకు రంగు, కాస్త లోపలికి నెమలిమెడ రంగు, నడిమధ్యన కాటుక నలుపు. మండువేసవిలో పైనీరు గోరువెచ్చగా ఉన్నా, దిగి కాళ్లు చాపితే మడమలకు మంచు తగిలినట్టు ఉంటుంది. కొండల మీది గెడ్డలన్నీ, పెద్ద వాగులూ చిన్న వాగులూ, వచ్చి ఇందులోనే కలుస్తాయి. బొచ్చె, వాలుగ, కొర్రమీను, ఎర్రజెల్ల ఇందులో పెరుగుతాయి. నీటికాకులు రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటాయి. మడుగు అడుగు చూసినవారు లేరు. చూద్దామని తాడు వదలడం ఇక్కడ తప్పు.

అమ్మవారి రూపం కళ్లూ ముక్కూ లేని ఒక గుండురాయి. దాని నడుం చుట్టూ తాడు ఒరిసిన గాడి కనిపిస్తుంది. గుడి ముందు, నీటి అంచున, పీటలాంటి బల్లపరుపు రాయి ఉంది. వల వేసిన జాలరి మొదటి చేపను ఆ పీటరాయి మీద పెట్టిన తరువాతే రెండోసారి వల ముట్టుకుంటాడు. ఆ చేప అమ్మవారికి నైవేద్యమని చాలామంది అనుకుంటారు. కాదు. అది ఎవరి వాటాయో తెలియాలంటే దాలయ్య సంగతి వినాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దారి లేదు. మడుగు ఒడ్డున కొన్ని జాలరి గుడిసెలు మాత్రం ఉండేవి. వాళ్లలో దాలయ్య అనేవాడు పట్టుదల మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అతని భార్య అసిరమ్మ నోరున్న మనిషి, మనసున్న మనిషి.

ఆ రోజుల్లో మడుగు గట్టు బొరియల నిండా నీటికుక్కలు ఉండేవి. తెల్లవారగానే ఈలలు వేసుకుంటూ, పిల్లల్ని వెంటేసుకుని, బారులు తీరి నీళ్లలోకి దిగేవి. ఆ ఈలలతోనే ఊరు నిద్ర లేచేది. అయితే అవి వలలోని చేపను కొరికేవి, పోతూ పోతూ వలనూ చింపేవి. రోజూ వల కుట్టుకోలేక దాలయ్యకు కడుపు మండింది.

"మనం కష్టపడతన్నాం, ఇవి మేస్తన్నాయి. ఈటిని తరిమితే గాని మన కుండ నిండదు," అన్నాడు ఊరందరితో.

కులపెద్ద గవరయ్య ముసలివాడు. "ఒరే దాలిగా, మన తాతల నాటి నుంచీ అయి ఇక్కడే ఉన్నాయిరా. ఎందుకున్నాయో ఆలకు ఎరిక," అన్నాడు.

"తాతలు మెతకోళ్లు," అన్నాడు దాలయ్య.

అన్న మాట చేసి చూపించాడు. బొరియల్లో పొగ పెట్టాడు, ముళ్లకంప కుక్కాడు, రాళ్లు పేర్చాడు. నీటికుక్కలు పిల్లల్ని నోట కరుచుకుని గెడ్డ వెంట పైకెక్కి, కొండ దాటి వెళ్లిపోయాయి. చిరగని వలలు చూసుకుని ఊరంతా దాలయ్యను భుజాన ఎత్తుకుని తిప్పింది. అసిరమ్మ మాత్రం మర్నాడు పొద్దున్న గడపలో కూర్చుని, "ఏటో మావా, తెల్లారినట్టే లేదు," అంది.

చలికాలం బాగానే గడిచింది. ఎండలు ముదిరాక పైనీరు కాగింది. చేపలు చల్లదనం వెతుక్కుంటూ లోపలికి, ఇంకా లోపలికి దిగిపోయాయి. వలలు ఖాళీగా రావడం మొదలైంది. కుండల్లో గంజి పలచబడింది. ఒకటి రెండు కుటుంబాలు మూటలు కట్టుకుని పల్లపు ఊళ్లకు పోయాయి. మిగిలినవాళ్లు కూడా పోయే మాటే మాట్లాడుకుంటున్నారు. తాతల నాటి ఊరు తన చేతుల మీదుగా చెదిరిపోతోందని దాలయ్యకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ఒప్పుకుంటే దాలయ్య ఎలా అవుతాడు?

"చేపలు అడుగునున్నాయి. అడుగు ఎంతుందో తెలిస్తే అంత పొడుగు తాళ్లకి వలలు కడదాం," అన్నాడు.

ఇంటింటికీ తిరిగి తాళ్లు అడిగాడు. వలల మోకులు, గేదెల పలుపులు, మూటలు కట్టుకోవడానికి దాచుకున్న తాళ్లు అన్నీ వచ్చాయి. అసిరమ్మ ఉయ్యాల తాడు విప్పి ఇచ్చింది. అన్నీ ముడివేసి, చివర ఒక గుండురాయి కట్టి, తెప్ప మీద నడిమడుగుకు వెళ్లి వదిలాడు. మోకులు పోయాయి, పలుపులు పోయాయి, ఉయ్యాల తాడూ పోయింది. ఆఖరి కొస చేతిలోకి వచ్చినా రాయి ఆనలేదు.

మిట్టమధ్యాహ్నపు ఎండ. తాడు కొస మణికట్టుకు చుట్టుకుని దాలయ్య తెప్ప మీద వాలిపోయాడు. కన్ను మూతపడింది. కలలో, తడిజుట్టు విరబోసుకున్న ఒక ముసలమ్మ తెప్ప అంచున కూర్చుని కనిపించింది.

"నా కడుపు లోతు చూడ్డానికొచ్చావేటిరా అయ్యా?"

"చేపల కోసమొచ్చానమ్మా. నువ్వు దాచేసినావు."

"నేనేటి దాచాను? ఎండకి మంద లోపలికి దిగింది. దిగిన మందని ఒడ్డుకి తోలుకొచ్చే కాపర్లుండేవోళ్లు. ఆలని పొగపెట్టి తరిమింది నువ్వు. కాపర్లని కొండ దాటించి, మంద రాలేదని నన్నడుగుతావేం?"

దాలయ్య ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ ఎవరూ లేరు. తాడు పైకి లాగాడు. ఆ మండుటెండలో రాయి పట్టుకోలేనంత చల్లగా వచ్చింది. దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు హత్తుకుని ఒడ్డుకు తెచ్చి, నీటి అంచున నిలిపాడు. జన్మలో మొదటిసారి పదిమందిలో తలవంచి, కలలో విన్నదంతా చెప్పి, "తప్పు నాది," అన్నాడు.

ఆ మాటకు ఎవరూ కరగలేదు. ఆకలి మీద ఉన్నవాళ్లు. గవరయ్య, "ఎల్లుండి పొద్దున్న బయల్దేరతన్నాం," అన్నాడు.

దాలయ్య, అసిరమ్మ గోళ్లు ఊడేలా బొరియల రాళ్లు తీశారు, కంప లాగారు. తరువాత దాలయ్య గెడ్డ పట్టుకుని కొండ దాటాడు. అవతలి గుంటలో నీటికుక్కలు చిక్కిపోయి, పక్కటెముకలు తేలి ఉన్నాయి. ఆ గుంటలోనే వేలెడంత చేపల్ని చేత్తో పట్టి, ఒక్కటీ నోట వేసుకోకుండా, గెడ్డ మలుపు మలుపునా ఒక్కొక్కటి పెట్టుకుంటూ వెనక్కి నడిచాడు.

ఊళ్లోకి రాగానే నవ్వులు. "ఏం దాలయ్యా, బొట్టెట్టి పిలిచొచ్చావేటి?" అని ఒకడు. "చుట్టాలు పగలొస్తారో, పల్లకీ ఎక్కొస్తారో!" అని ఇంకొకడు.

"తరిమినప్పుడు ఈయన్ని మోసుకు తిరిగినారు కదా, పిలిచినప్పుడు నవ్వకండి," అంది అసిరమ్మ. నవ్వు ఆగింది.

బయలుదేరే పొద్దు వచ్చింది. మూటలు నెత్తికెక్కాయి. గవరయ్య వెనక్కి తిరిగి మడుగుకు దండం పెట్టాడు. దాలయ్య మాత్రం మూట కట్టలేదు. రాయి పక్కన కూర్చుని గెడ్డ వైపే చూస్తున్నాడు. అప్పుడు పైనుంచి సన్నగా ఒక ఈల వినిపించింది. దానికి జవాబుగా ఇంకొకటి. నెత్తిన మూటలున్నవాళ్లు ఉన్నచోటే ఆగిపోయారు. నీటికుక్కలు ఒకదాని వెనుక ఒకటి జారి మడుగులో పడ్డాయి, మునిగాయి. చాలాసేపు నీళ్లు కదలలేదు. అంతలో నెమలిమెడ రంగు నీళ్ల మీద వెండి ఉడికినట్టు చేపలు ఎగిరాయి. వెనుక నల్లని తలలు బారు తీరి వాటిని ఒడ్డుకు తోలుకొస్తున్నాయి.

దాలయ్య వల విసిరాడు. వచ్చిన మొదటి చేప చేటంత బొచ్చె. ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్లయిందో! పిల్లలు చేప వైపే చూస్తున్నారు. దాలయ్య భార్య ముఖం చూశాడు. అసిరమ్మ ఆ చేపను రెండు చేతులా అందుకుంది. ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. నడిచి వెళ్లి బల్లపరుపు రాయి మీద పెట్టి, "కాపర్లు తినీదాకా మన వల తడవకూడదు మావా," అంది.

ఊరంతా ఆకలితో నిలబడింది. ఒక ముసలి నీటికుక్క రాయి ఎక్కి, అందర్నీ ఒకసారి చూసి, చేపను నోట పట్టుకుని నీళ్లలోకి జారింది. అప్పుడు గవరయ్య తన నెత్తిమీది మూట తానే దించాడు.

దాలయ్య నిలిపిన ఆ గుండురాయే నేటి లోతమ్మ తల్లి. ఆనాడు మూటలు దించినవారి వంశాలే నేటికీ ఇక్కడ వల వేస్తున్నాయి. వాటాల దగ్గర మనసు విరిగిన అన్నదమ్ములు ఇక్కడికి వచ్చి, ఒకే చేపను ఇద్దరూ పట్టుకుని పీటరాయి మీద పెడతారు. అలా చేసినవారి ఇంట పొయ్యి రెండు కాదని పెద్దల నమ్మకం.

వెనుకటి రోజుల్లో కొండ మలుపులోనే ఈలలు వినిపించేవి. చేప రాయి మీద పెట్టిన చేయి తీయకముందే అందుకునే నీటికుక్కలు ఉండేవి. ఇప్పుడు అవి తగ్గాయి. ఒక్కోనాడు పొద్దెక్కుతుంది, చేప మీద ఈగలు ముసురుతాయి, గెడ్డ వైపు అలికిడి ఉండదు. అయినా ఇక్కడి జాలరి రెండోసారి వల విసరడు. వలను భుజాన వేసుకుని, అమ్మవారి పక్కన కూర్చుని, ఈల కోసం చెవి ఒగ్గి ఉంటాడు. దర్శనానికి వచ్చే భక్తులు కూడా ఆ కాసేపు మాట్లాడకుండా ఉండవలెనని కోరుతున్నాము.