గాల్లోంచి కర్పూరం పట్టిన సూరీడమ్మ

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో భ్రమరాంబ అని ఒక కలవారి ఇల్లాలు ఉండేది. ఆ ఇంట్లో వంటమనిషి సూరీడమ్మ. ఎలాంటి వంటమనిషనుకున్నావ్? వెయ్యిమందికి ఒంటిచేత్తో వండేది. ఇక ఆవిడ కోపమా! ముక్కుపుటాలు అదిరితే చాలు, పొయ్యి దానంతటదే రాజుకునేది. నేను కళ్ళారా చూశాను గనక చెబుతున్నాను.

భ్రమరాంబకో పాడు బుద్ధి. ఇంట్లో ఏది తగ్గినా వంటమనిషే తిన్నదనేది.

ఒక చలికాలం పొద్దున్నే నేతిజాడీ మూత తీసింది. రాత్రి మెడదాకా ఉన్న నెయ్యి తెల్లారేసరికి పేరుకుని, నడిమధ్య గుంట పడింది.

"ఏమే సూరీడూ, వేలు పెట్టి నాకావా?"

సూరీడమ్మ పళ్ళు పటపటా కొరికింది. జాడీని నిప్పుల పక్కన పెట్టింది. అప్పుడు నెయ్యి కరిగి మళ్ళీ మెడదాకా లేచింది.

"చలికి ముడుచుకుంది అమ్మగారూ, వేడికి ఒళ్ళు విరుచుకుంది."

ఆ తర్వాత ఒకరోజు గిన్నెడు చారు మరిగి మరిగి సగమైంది. "తాగేశావా?" అంది భ్రమరాంబ. సూరీడమ్మ కళ్ళు చింతనిప్పులయ్యాయి. గిన్నె మీద చల్లటి పళ్ళెం మూసి, తీసి తిరగేసింది. అడుగునంతా నీటిబొట్లు!

"ఇవిగో మీ చారులో నీళ్ళు. వేడికి ఆవిరై ఎగిరాయి, చల్లదనం తగిలి మళ్ళీ నీళ్ళయ్యాయి."

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. పూజకు దాచిన కర్పూరం మంచుకి చెమ్మగిల్లుతుందని, చలికాలంలోనే భ్రమరాంబే దాన్ని ఉప్పూ చింతపండుతోపాటు పొయ్యి పైన అటకెక్కించింది. డబ్బాకి మూత కూడా సరిగ్గా పట్టదు. ఒకనాడు తీసి చూస్తే, డబ్బాడు కర్పూరానికి నాలుగు బిళ్ళలు మిగిలాయి!

"నెయ్యి కరిగిందన్నావు, చారు మరిగిందన్నావు. ఇది కరగలేదు, మరగలేదు. డబ్బాలో తడైనా లేదు. నువ్వు కాక ఇంకెవరే దొంగ?"

అంతటితో ఆగిందా? వీధిలో ఏడిళ్ళకీ వెళ్ళి అదే మాట చెప్పొచ్చింది. దొంగన్న పేరు పడ్డ మనిషి చేతికి ఎవరైనా గరిటిస్తారా?

"గుళ్ళో దీపం ఆర్పి ప్రమాణం చెయ్యి," అంది.

"చెయ్యను!"

ఆ కేకకి గోదారి గుక్క తిప్పుకుని మళ్ళీ పారింది. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు సూరీడమ్మ ఆ నాలుగు బిళ్ళలూ కుండలో వేసి, సన్నటి సెగ మీద పెట్టింది. పైన పళ్ళెం మూసి, పళ్ళెంలో చన్నీళ్ళు పోసింది. కాసేపాగి ఎత్తింది. కుండ ఖాళీ! పళ్ళెం అడుగున మాత్రం తెల్లగా మంచు కురిసినట్టు కర్పూరం!

"ఇది కరిగేదాకా ఆగదు, నేరుగా గాలైపోతుంది. చల్లబడితే మళ్ళీ గట్టిపడుతుంది. పొయ్యి పైన అటకెక్కించిందెవరు, నేనా?"

"సర్లేవే, అయిందేదో అయింది. వంట సంగతి చూడు," అని గొణిగింది భ్రమరాంబ.

"ఏడిళ్ళలో దొంగన్నారు. ఏడిళ్ళలోనూ కాదని చెప్పిరండి!" అని వంటింటి తాళాలగుత్తి విసిరికొట్టి వెళ్ళిపోయింది సూరీడమ్మ.

మూడు రోజులు భ్రమరాంబ మాడిన అన్నం తింది. నాలుగోరోజు మండుటెండలో బయల్దేరింది. మొదటి గుమ్మంలో గుసగుసగా చెప్పింది. "వినబళ్ళేదమ్మా, గట్టిగా!" అన్నారు వాళ్ళు. ఆరో ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది.

ఏడో ఇంటి తలుపు తట్టింది. తలుపు తీసింది ఎవరనుకున్నావ్? గరిట పట్టుకుని సూరీడమ్మ! ఆ పూటే అక్కడ వంటకి కుదిరింది.

"ఆఁ, చెప్పండమ్మగారూ, వింటున్నాను. తొందరగా కానివ్వండి, పోపు మాడిపోతోంది."

కథేమో కంచికి, కునుకేమో కంటికి.