అసిరమ్మ మొక్కిన బోర్డు

మాణిక్యాంబ టీచరుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పుస్తకంలోంచి ప్రశ్న మోసుకొస్తే ముందు ఆ పుస్తకం మూయించేది. ఊళ్ళో చదువుకున్న మగవాళ్ళందరికీ ఆవిడంటే గౌరవం. అంటే, కాస్త దూరంగా ఉండేవాళ్ళు. నీలాద్రి ఒక్కడే, లా చదువుతున్న కుర్రాడు, సెలవులకి వచ్చినప్పుడల్లా ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని వాదనలు నేర్చుకునేవాడు.

ఆ రోజు పొద్దున్నే లావుపాటి పుస్తకంతో వచ్చాడు. ఆవిడ చూసిన చూపుకి దాన్ని తనే మూసేశాడు.

"టీచరుగారూ, ఈ ఉదారవాదం నాకు సగమే అర్థమైంది. మనిషి బతుకు మనిషిది, వాడి మాటకీ నమ్మకానికీ ఎవడూ అడ్డు రాకూడదు. ఇంతవరకూ అందరిదీ ఒకటే దారి. ఆ తరవాత చీలిపోయారు. పాతవాళ్ళు సర్కారు మన మీంచి చెయ్యి తీసేస్తే చాలు, అదే స్వేచ్ఛ అన్నారు. కొత్తవాళ్ళు చెయ్యి అందించకపోతే అది స్వేచ్ఛే కాదన్నారు. చదువూ వైద్యం లేనివాడికి అడ్డు తీసి ఏం లాభం అని. సోమవారం కాలేజీలో నేను ఒక పక్షాన మాట్లాడాలి."

"ఏ పక్షం?"

"పాతవాళ్ళదే. అడ్డు తీసేశాక ఎవరి మంచిచెడ్డలు వాళ్ళవి. పెద్దవాళ్ళని చంటిపిల్లల్లా చూడకూడదు కదా."

"నేనూ అలాగే అనేదాన్ని," అంది మాణిక్యాంబ. "అసిరమ్మని నువ్వెరగవు. అప్పటికి నువ్వు పుట్టలేదు," అని మొదలుపెట్టింది.

ఊరికీ అవతలి గూడేనికీ మధ్య ఏరు ఉంది. అప్పట్లో వంతెన లేదు, నీళ్ళలో నడిచే దాటాలి. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తిన రోజున చీలమండ లోతు నీళ్ళు చూస్తుండగానే మనిషెత్తు అవుతాయి. అందుకని రేవులో ఒక కావలివాణ్ణి పెట్టి, చేతికి కర్ర ఇచ్చారు. కర్ర అందాక వాడు నీళ్ళ సంగతి మరిచిపోయాడు. పెద్దిళ్ళ బళ్ళు ఎప్పుడొచ్చినా తప్పుకునేవాడు. కూలికి పోయే ఆడవాళ్ళని మాత్రం నడివేసవిలో కూడా ఎండలో నిలబెట్టి, "ఎక్కడికే? ఎందుకే? మీ ఆయనకి చెప్పొచ్చావా?" అని ఆరా తీసేవాడు.

మాణిక్యాంబ అప్పుడే ఉద్యోగంలో చేరింది. దొరికిన పుస్తకమల్లా చదివిన మనిషి, ఊరుకుంటుందా. నలుగురిని కూడగట్టి, రెండేళ్ళు అర్జీల మీద అర్జీలు పెట్టి, ఆ కావలి తీయించింది. వాడు నిలబడే చోట ఒక నల్లబోర్డు పాతించింది. గేట్లు ఎత్తే రోజున తనే వెళ్ళి సుద్దముక్కతో గుండ్రంగా రాసేది: "ఈ రోజు పది గంటలకు గేట్లు ఎత్తుతారు. ప్రమాదం. దిగడం, మానడం మీ ఇష్టం." ఆ చివరి వాక్యమంటే ఆవిడకి మహా మురిపెం. మనిషిని మనిషిగా చూసే వాక్యం అనుకునేది. ఆ రేవున దాటేవాళ్ళలో దాన్ని చదవగలిగేవాళ్ళు ఎవరున్నారని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు.

అసిరమ్మ ఊళ్ళో ఇళ్ళకి గడ్డిమోపులు వేసే మనిషి. కావలివాడు పోయిన రోజున రేవంతా వినబడేలా నవ్వింది ఆమే. కూతురు గౌరిని ఏటి అవతల గూడెంలో ఇచ్చింది. ఒకనాడు పొద్దున్న గౌరికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. పాతచీరలు మూట కట్టుకుని అసిరమ్మ రేవుకి వచ్చింది.

మాణిక్యాంబ అప్పుడే బోర్డు రాసి గట్టెక్కి, ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. అసిరమ్మ బోర్డు ముందు ఆగింది. చదువుతోంది కాబోలు అనుకుంది పైనున్న ఈ మహాతల్లి. అసిరమ్మ చెయ్యి చాచి, అక్షరాలు చెరగకుండా బోర్డు అంచుని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. అక్షరం సరస్వతి. కాలికి కాగితం తగిలినా కళ్ళకద్దుకునే జనం వాళ్ళు. చదువు రానివాళ్ళకి ఆ భక్తి మరీ ఎక్కువ. మాణిక్యాంబకి మాత్రం తమ గెలుపుకే మొక్కిందనిపించి గుండె ఉప్పొంగింది.

అసిరమ్మ కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలో దిగింది. మాణిక్యాంబకి అరవాలనిపించింది. నోరు తెరవబోతే చెవిలో ఆ కావలివాడి కేక వినబడింది. తెలిసే దిగింది, కాన్పుకి పోతున్న తల్లి, గబగబా దాటేస్తుంది, ఆపడానికి మనమెవరం అనుకుని ఊరుకుంది.

నడి ఏట్లో అసిరమ్మ ఆగింది. మూట చంకలో పెట్టుకుని, వంగి, తాపీగా మొహం కడుక్కుంది.

తెలిసిన మనిషి అలా ఆగదు. అప్పుడు అరిచింది మాణిక్యాంబ. ఆ అరుపు నీళ్ళ హోరులో కలిసిపోయింది.

మూడోనాడు దొరికింది అసిరమ్మ. కావలివాడి చేతి కర్ర పీకించిన ఆ నలుగురే మళ్ళీ కూర్చున్నారు. "ఆమెను ఎవరూ ఆపలేదు, ఎవరూ తోయలేదు. తన ఇష్టాన దిగింది," అన్నాడొకడు. "చదవలేని మనిషికి ఇష్టమెక్కడిది?" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు కావలివాణ్ణి మళ్ళీ పెడదామన్నాడు. మాణిక్యాంబ మర్నాటి నుంచి పలకలు పట్టుకుని గూడెం వెళ్ళడం మొదలుపెట్టింది. ఆరేళ్ళలో ఇంటింటా ఒకరికైనా చదవడం వచ్చింది, ఒక్క ఇంట్లో తప్ప.

ఆ ఇంటికి వెళ్తే, గౌరి పిల్లని చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడింది. "మాయమ్మ దండమెట్టిన అచ్చరాలు నాకొద్దు. నా పిల్లకీ వొద్దు. నిన్ను రమ్మని నానడిగినానా తల్లీ? ఎల్లు."

ఇంతవరకూ చెప్పి ఆపింది మాణిక్యాంబ. నీలాద్రికి పుస్తకం వంక చూడబుద్ధి కాలేదు.

"బలవంతాన అయినా నేర్పాల్సింది టీచరుగారూ," అన్నాడు. "ఆమె మంచికే కదా. పంచాయతీ చేత చెప్పిస్తే వినేది."

"చూశావా, ఎంతసేపట్లో పక్షం మార్చావో. కావలివాడు కూడా వాళ్ళ మంచికేనని చెప్పేవాడు."

"అయితే వదిలేశారా?"

ఆవిడ లేచి, చీర దులుపుకుని, చెప్పుల కోసం వెతుక్కుంది.

"రోజూ వెళ్తాను," అంది. "గుమ్మం దాకా."